ఖాళీ చెంబు, ఎండిన నాలుక

ఇది రాయవలసిన అవసరం ఈ మధ్యనే వచ్చింది. సూర్యాపేటలో నాకు పిత్తాశయం ఆపరేషన్ అయింది. మర్నాడు పొద్దున తెల్ల బూట్లు వేసుకున్న ఒక నర్సమ్మాయి చేతిలో ట్యాబ్ పట్టుకుని నా మంచం దగ్గరికి వచ్చింది. ‘ఆంటీ, వాటర్ తాగుతున్నారా? పెయిన్ పదికి ఎంత?’ అని అడిగింది. తాగుతున్నానని చెప్పాను. అబద్ధం. తాగితే లేవాలి, లేస్తే కుట్లు లాగుతాయి. ఆ భయంతో పొద్దున్నుంచి గుక్కెడు నీళ్లు ముట్టలేదు. అమ్మాయి తెర మీద వేలితో ఒక గుర్తు పెట్టి పక్క మంచానికి వెళ్లిపోయింది. నా పెదాలు చూడలేదు. బల్ల మీద మూత కూడా తియ్యని నీళ్ల సీసా ఉంది, అదీ చూడలేదు. ఆమెను తప్పుపట్టలేను, ఆ వరుసలో మంచాలు చాలా ఉన్నాయి. కాని ఆ పూటంతా నాకు ఏదో వెలితిగా అనిపించింది. ఒకప్పుడు నేనూ అదే పని చేశాను, మరియమ్మ అక్క దగ్గర నేర్చుకున్నాను. ఆమె అయితే నన్ను అట్లా వదిలేది కాదు, ముందు నన్ను అనుమానించేది. రోగిని అనుమానించడం కూడా సేవలో భాగమేనని నాకు తెలిసినంతవరకు ఎవరూ ఎక్కడా రాయలేదు. మిర్యాలగూడలో ఎల్లమ్మ అనే తల్లి విషయంలో మా ఇద్దరి అనుమానాలు ఏ దారిన పోయి ఎక్కడ తేలాయో తెలిసినవాళ్లం ఇప్పుడు ముగ్గురమే మిగిలాం. అందుకే రాస్తున్నాను.

మాది సూర్యాపేట. నాన్నది సైకిళ్లు బాగుచేసే దుకాణం. పదో తరగతితో నా చదువు ఆగింది, గ్రంథాలయంతో మళ్లీ మొదలైంది. ఆ రోజుల్లో గ్రంథాలయానికి ఆడపిల్లలు వచ్చేవాళ్లు కాదు. వచ్చినా వారపత్రిక తీసుకుని వెళ్లిపోయేవాళ్లు. నేను మాత్రం లోపలే కూర్చుని చదివేదాన్ని. అక్కడ పనిచేసే సత్తయ్య సారు తన బల్ల పక్కనే నాకో కుర్చీ వేయించాడు. మగవాళ్లు పేపరు మీదుగా చూసే చూపులు ఆ కుర్చీ దాకా రాకుండా తానే అడ్డుగా కూర్చునేవాడు. అట్ట ఊడిపోయిన ఒక గృహవైద్య గ్రంథం, శరీర నిర్మాణం మీద ఒక పాఠ్యపుస్తకం, ప్రసూతి గురించి ఇంకొకటి అక్కడే చదివాను. అర్థం కాని మాటలకు నిఘంటువు తిరగేసేదాన్ని. ఈ చదువును నేను ఇప్పటికీ చిన్నచూపు చూడను. కాలేజీకి పోయినవాళ్లు పరీక్షకు చదివి మరిచిపోయిన సంగతులు నాకింకా గుర్తున్నాయి. తర్వాత ఏఎన్ఎం నర్సు శిక్షణ పూర్తిచేసి గరిడేపల్లి వైపు సబ్ సెంటర్‌లో ఎన్నో ఏళ్లు పనిచేశాను. అయితే పని చేతికి వచ్చింది మాత్రం అంతకు ముందే, మిర్యాలగూడలోని ఒక చిన్న కాన్పుల దవాఖానలో. ఆ దవాఖాన ఇప్పుడు లేదు. ఆ స్థలంలో ఫంక్షన్ హాలు లేచింది.

అక్కడ పెద్ద సిస్టర్ మరియమ్మ. ఆంధ్ర సరిహద్దున ఉన్న కోదాడ మనిషి. ఆమె మాటలో ‘ఏంటమ్మా’, ‘ఎందుకండీ’ ఎక్కువ వినిపించేవి. త్రిపురారం, నిడమనూరు వైపు నుంచి వచ్చిన ఆడవాళ్లకు ఆ మాట కొత్తగా ఉండేది. ‘ఆంధ్ర సిస్టరా?’ అని నన్ను చాటుగా అడిగేవాళ్లు. అది ఆమె చెవిన పడితే, ‘కోదాడ దాటి అటువైపు ఒక్క రోజు సంసారం కూడా చెయ్యలేదు తల్లీ, నన్నెందుకు గెంటేస్తారు?’ అనేది. దవాఖానకు దగ్గర్లో ఒక గది కిరాయికి తీసుకుని ఉండేది. నాకూ అందులోనే చోటిచ్చింది. చుట్టూ రైసు మిల్లులు. ఉడికిన వడ్ల వాసన తెల్లవారకముందే గదిలోకి వచ్చి కూర్చునేది. ఆరేసిన తెల్ల చీరల మీద తవుడు సన్నగా వాలేది. అందుకని మేం చీరలు లోపలే, మంచానికీ కిటికీకీ మధ్య కట్టిన తాడు మీద ఆరేసేవాళ్లం. గంజి వాసన, కిరసనాయిలు స్టవ్ వాసన, చేతులకు అంటుకుని వచ్చిన డెట్టాల్ వాసన, ఇవన్నీ కలిసిన గాలి పీల్చుకుంటూ నేను ఇరవయ్యో పడిలో పడ్డాను.

మరియమ్మ అక్క దేన్నీ ఊరికే నమ్మేది కాదు. పాలవాడు పాలు పోస్తే ఒక చుక్క బొటనవేలి గోరు మీద వేసి, జారుతుందా నిలుస్తుందా అని చూసేది. తలుపు తాళం వేసి నాలుగడుగులు నడిచి, వెనక్కి వచ్చి తాళాన్ని మళ్లీ లాగి చూసేది. ఆదివారం గుడిలో పాస్టరుగారు ప్రార్థన ముగించాక కూడా కళ్లు తెరవకుండా, నిజంగా ముగించాడా లేదా అన్నట్టు కాసేపు ఆగేది. ఇవన్నీ చూసి నేను నవ్వేదాన్ని. ఆమె పట్టించుకునేది కాదు. ఏదడిగినా రెండుసార్లు అడగడం ఆమె అలవాటు. మొదటిసారి ‘కూర బాగుందా?’ అనేది. ఎవరైనా బాగుందనే అంటారు. పది ముద్దలు తిన్నాక, గిన్నె సర్దుతూ మన మొహం చూడకుండా, ‘ఉప్పు ఒక రవ్వ ఎక్కువైంది కదూ’ అనేది. అప్పుడు నిజం బయటకు వచ్చేది. దవాఖానలోనూ ఇదే తీరు. ‘మాత్ర వేసుకున్నావా?’ అని అడిగి ఊరుకోదు, కాసేపటికి ‘చేదుగా ఉందా, చప్పగా ఉందా?’ అంటుంది. వేసుకోనివాళ్లు అక్కడ దొరికిపోయేవాళ్లు. ‘మనిషి మాట వింటూ ఉండాలి సుగుణా, కళ్లు మాత్రం వేరే పని చేస్తుండాలి’ అని నాకు చెప్పేది. నా పుస్తకాల మీద కూడా ఆమెకు అనుమానమే. ‘ఆ రాసినాయన ఎప్పుడన్నా రోగి పక్కన కూర్చున్నాడా?’ అని అడిగేది. కూర్చున్నాడో లేదో నాకెట్లా తెలుస్తుంది? అట్ట కూడా లేని పుస్తకం అది.

ఆ దవాఖానలో కొన్ని పద్ధతులు ఉండేవి. కాన్పు ఆపరేషన్ అయిన మనిషికి సెలైన్ తీసేశాక, పొద్దున్నే కాచి చల్లార్చిన నీళ్లు ఒక స్టీలు చెంబులో పోసి మంచం పక్కన పెట్టేవాళ్లం. పొద్దూకేలోగా అది ఖాళీ కావాలి, ఖాళీ అయితే మళ్లీ నింపాలి. ఎవరు ఎంత తాగారో చెంబే చెప్పాలి. వార్డు చివర మరుగుదొడ్డికి తాళం ఉండేది. బయటివాళ్లు వచ్చి పాడు చేస్తున్నారని డాక్టరమ్మ తాళం వేయించింది. తాళంచెవి మా బల్ల మీద ఒక చెక్కముక్కకు కట్టి ఉండేది. రోగులైనా, వాళ్ల వెంట ఉన్నవాళ్లైనా మా ముందుకు వచ్చి అది తీసుకుపోవలసిందే. మొదట్లో ఆడవాళ్లు సిగ్గుపడేవాళ్లు. తర్వాత అలవాటైంది.

సైదమ్మ త్రిపురారం పక్క పల్లె నుంచి తొలి కాన్పుకు వచ్చింది. బిడ్డ అడ్డం తిరగడంతో ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల. తొలి కాన్పు పుట్టింటివాళ్లదే కాబట్టి వెంట ఉన్నది తల్లి ఎల్లమ్మ. ఎండిన చెరకుగడలాంటి మనిషి. కొంగు నడుముకు బిగించి, మంచం కాళ్ల దగ్గర కింద కూర్చునేది. ఎవరు వచ్చినా లేచేది కాదు, కాని ఎవరి చెయ్యి ఎక్కడికి పోతున్నదో ఒక్కటీ వదలకుండా చూసేది. నేను సూది వేయబోతే ‘గదేం మందు?’ అని అడిగేది. చెప్పేదాన్ని. నాకంటే మరియమ్మ అక్క నిజం చెప్తుందని అనుకున్నదేమో, ఆమెనూ అడిగేది. ఇద్దరమూ ఒకటే చెప్తున్నామా అని చూసుకునేదని నాకు తర్వాత తోచింది. మరియమ్మ అక్కలాగే ఆమె కూడా రెండుసార్లు అడిగే రకం. వార్డులో ఒకే తీరు మనుషులు ఇద్దరుంటే పొసగదు.

సెలైన్ తీసేసిన మర్నాటికి సైదమ్మకు ఒళ్లు వేడెక్కింది. నాలుక మీద చెయ్యి పెడితే గరుకు కాగితంలా తగిలింది. చంటిదానికి పాలు చాలడం లేదు, ఊరికే ఏడుస్తున్నది. ‘నీళ్లు తాగుతున్నావా?’ అని అడిగాను. సైదమ్మ ముందు తల్లి వైపు చూసింది. ఆ తర్వాత ‘తాగుతున్న’ అన్నది. ఎల్లమ్మ చెంబు బోర్లించి చూపించింది. ఒక్క చుక్క రాలలేదు. ‘సూడు సిస్టరమ్మా, పొద్దున నింపిందంత ఖతం’ అన్నది. నేను మళ్లీ నింపాను. మధ్యాహ్నానికి అదీ ఖాళీ. డాక్టరమ్మ వచ్చి కుట్లు చూసింది. ఎరుపు లేదు, చీము లేదు. లోపలెక్కడో చెడు చేరిందేమోనని ఇంకా బలమైన మందు రాసింది. సాయంత్రానికి జ్వరం దిగకపోతే మళ్లీ సెలైన్ ఎక్కించి హైదరాబాదు పంపాలన్నది. ఆ మాట విని ఎల్లమ్మ మొహంలో ఏదీ కదలలేదు. పట్నం పంపుతామంటే ఏ తల్లైనా కంగారుపడుతుంది. ఈమె రాయిలా ఉన్నది. అక్కడే మా ఇద్దరికీ అనుమానం మొదలైంది.

మరియమ్మ అక్క అనుమానం ఒక దారిన పోయింది. ఆడపిల్ల పుట్టింది కదా, తిండి దగ్గర ఏమన్నా తక్కువ చేస్తున్నారేమో, చంటిది దక్కకపోయినా ఫరవాలేదనుకుంటున్నారేమో కనిపెట్టమని నాతో మెల్లగా చెప్పింది. ఆమె అంతకు ముందు అట్లాంటివి చూసి ఉన్నది. నేను గమనించాను. ఎల్లమ్మ చంటిదాన్ని ఎత్తుకునే తీరు చూస్తే ఆ అనుమానం నిలబడలేదు. పసిదాని అరికాళ్లను తన బుగ్గకు ఆనించుకుని, ఎవరూ చూడనప్పుడు పేరు లేని పేర్లతో పిలుచుకునేది. నా అనుమానం ఇంకో దారిన పోయింది. ఎల్లమ్మ మాటిమాటికీ మా బల్ల దగ్గరికి వచ్చి తాళంచెవి తీసుకుపోతున్నది. పోయి వచ్చి కూర్చుంటుంది, కాసేపటికి మళ్లీ లేస్తుంది. అతిమూత్రం, ఒళ్లు బక్కచిక్కడం, విడవని దాహం ఉంటే మధుమేహమని నేను చదివాను. ఆ పేజీ ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంది. ‘అక్కా, ఎల్లమ్మకు షుగర్ ఉన్నట్టుంది’ అన్నాను. చదివింది పనికొచ్చిందని నాలో ఒక మురిపెం. మరియమ్మ అక్క ఎల్లమ్మను పైనుంచి కిందికి చూసి, ‘ఉన్నా ఉండొచ్చు, పరీక్ష చెయ్యి’ అన్నది.

ఆ రోజుల్లో షుగర్ పరీక్ష అంటే నీలం రంగు మందు గాజు గొట్టంలో పోసి, దాంట్లో మూత్రం చుక్కలు వేసి, స్పిరిట్ దీపం మీద కాచడమే. చక్కెర ఉంటే నీలం పోయి ఆకుపచ్చ, పసుపు, బాగా ఉంటే ఇటుక రంగు వస్తుంది. ఎల్లమ్మను ఒప్పించేసరికి నా తల ప్రాణం తోకకు వచ్చింది. ‘పండుకున్నది నా బిడ్డ, పరీక్ష నాకా?’ అన్నది. ‘నాది పట్టుకపోయి దాని పేరు మీద రాస్తరా?’ అని కూడా అడిగింది. ఎట్లాగో ఇచ్చింది. నేను గొట్టం కాచాను. నీలం నీలంగానే ఉంది. ఇంకాసేపు కాచాను. అయినా నీలమే. పైగా ఆమె ఇచ్చిన సీసాలోది తేటగా, ఇంచుమించు మంచినీళ్లలా ఉంది. అదే పొద్దున సైదమ్మది చూశాను, ముదురు టీ రంగులో, అదీ రవ్వంత. గొట్టం కడుగుతూ నేను ఊరికే ఉండలేక, ‘రోగం లేకుండా ఇంత నీరు ఎక్కడినుంచి వస్తుందక్కా?’ అన్నాను. మరియమ్మ అక్క చేతిలోని దూది కింద పెట్టింది. వార్డు వైపు చూసింది. ‘తాగితే వస్తుంది’ అన్నది.

ఇద్దరమూ తలుపు పక్కన నిలబడ్డాం. కాసేపటికి ఎల్లమ్మ చెంబు ఎత్తింది. అటూ ఇటూ చూసి, గోడ వైపు తిరిగి, దాహం లేని మనిషి తాగినట్టు గుటక గుటకకూ ఆగుతూ, కళ్లు మూసుకుని సగం చెంబు తాగేసింది. మంచం మీద సైదమ్మ తల పక్కకు తిప్పి ఆ చెంబునే చూస్తున్నది. పెదాలు నాలుకతో తడుపుకుంటున్నది, తడవడం లేదు. తల్లి తాగుతున్నంతసేపూ ఆ పిల్ల గొంతు కూడా కదిలింది. అది చూసి నాకు ఒళ్లు మండింది. వెంటనే లోపలికి పోయి చెంబు గుంజుకుందామని అడుగేశాను. మరియమ్మ అక్క నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది.

పచ్చి బాలింతకు నీళ్లు పడవనే మాట మా వైపు ప్రతి ఇంట్లోనూ ఉంది. కడుపు ఉబ్బుతుందని, కుట్లు నెమ్ము పడతాయని, తల్లి తాగితే పిల్లకు జలుబు చేస్తుందని అంటారు. మా అమ్మ కూడా అన్నది. అది నాకు కొత్త కాదు. అయితే నీళ్లు వద్దనుకున్నవాళ్లు వద్దంటారు, లేకపోతే కిటికీలోంచి పారబోస్తారు. మనిషి మాత్రం తానే తాగి, తాళంచెవి కోసం తిరిగి, మా ముందు చెంబు బోర్లించి చూపించి, ఇంత యాతన ఎందుకు పడుతుంది? అది నాకు అర్థం కాలేదు. నాకొక ఉపాయం తోచింది, చెప్పాను. ఎల్లమ్మ సెలైన్‌కు అడ్డు చెప్పలేదు కదా. సీసాలో ఉన్నది మందు, చెంబులో ఉన్నది నీళ్లు, ఆమె లెక్క అది. ఖాళీ మందు సీసా ఒకటి కడిగి, కాచిన నీళ్లు పోసి, ఇది జ్వరం మందు, పూటకు ఇంత తాగించాలని చెప్తే సరిపోతుందన్నాను. నా తెలివికి నేనే మెచ్చుకున్నాను. మరియమ్మ అక్క ఒప్పుకోలేదు. ‘ఇయ్యాల అబద్ధం చెప్పి తాగిస్తావు. రేపు ఇంటికి పోయాక ఎవరు తాగిస్తారే? నీ సీసా అక్కడిదాకా పోద్దా?’ అన్నది. 

ఆమె పోయి ఎల్లమ్మ పక్కన కింద కూర్చున్నది. గంజి పెట్టిన చీర నలుగుతుందని ఎన్నడూ కింద కూర్చోని మనిషి. చెంబు గురించి ఎత్తలేదు. నీళ్ల గురించి ఎత్తలేదు. చంటిదాని నెత్తి నిమిరింది. చాలాసేపటి తర్వాత, ఎటో చూస్తూ అడిగింది.

‘ఎవరికైందక్కా?’

ఎల్లమ్మ నడుముకున్న కొంగు మళ్లీ బిగించుకున్నది. మంచం మీద సైదమ్మ కళ్లు మూసుకున్నది.

‘ఊరికే భయపడరు ఎవరూ. ఎవరికో అయ్యుంటుంది. చెప్పు.’

‘పెద్దదానికి’ అన్నది ఎల్లమ్మ. ‘అండాలుకు. దీనికన్న ముందు పుట్టింది. గిట్లనే కాన్పుకు తోలుకపోతిమి. గాడ సిస్టరు తాగు తాగు అని పోసింది. మంచిగ తాగింది నా బిడ్డ. పొద్దూకినంక కడుపు కుండలెక్క ఉబ్బింది. అమ్మా ఉబ్బుతున్నదే అన్నది. నేను సిస్టరుకు చెప్తే, నీళ్లు తాగినవ్ గద, పోతదిలే అన్నది. తెల్లారేసరికి లేదు.’

 ఎల్లమ్మే మళ్లీ మాట్లాడింది. పారబోద్దామనుకున్నదట. బిడ్డ నోటికాడి నీళ్లు మట్టిలో పొయ్యడానికి చెయ్యి రాలేదట. పొయ్యకుంటే చెంబు నిండుగా కనబడుతుంది, మేం వచ్చి బలవంతంగా తాగిస్తాం. అందుకని తానే తాగిందట. ‘నా కడుపు ఉబ్బినా మంచిదే, దానిది ఉబ్బకుంటె సాలు’ అన్నది. ఆమె రాయిలా ఎందుకు కూర్చున్నదో నాకు అప్పుడు తెలిసింది. పెద్దదాని విషయంలో తాను ఊరికే ఉండిపోయానని ఆమె బాధ. ఈసారి ఊరికే ఉండకూడదనుకుని, చేతనైనంత కాపలా కాస్తున్నది. మేం రోగం దగ్గర నుంచి కాపాడాలని చూస్తున్నాం, ఆమె మా దగ్గర నుంచి కాపాడాలని చూస్తున్నది. మధ్యలో సైదమ్మ ఎండిపోతున్నది.

నీళ్ల వల్ల మనిషి చావదని, అండాలుకు లోపల ఇంకేదో జరిగి ఉంటుందని చెప్పాలని నాకు నోటిదాకా వచ్చింది. కాన్పు తర్వాత లోపలే రక్తం కారితే కడుపు అట్లా ఉబ్బుతుందని కూడా నేను చదివి ఉన్నాను. మరియమ్మ అక్క నాకు ఆ సందు ఇవ్వలేదు. ఎల్లమ్మతో ఆమె అన్న మాటలు ఇవి, నాకు దాదాపు పొల్లుపోకుండా గుర్తున్నాయి.

‘అప్పుడేం జరిగిందో నాకు తెలియదక్కా. నేనక్కడ లేను. కడుపు ఉబ్బుతుందని నువ్వు చెప్తే ఆమె వచ్చి చెయ్యేసి చూడాలి. చూడలేదు. అది తప్పే. ఇక్కడ నేనున్నా. నేను చూస్తా. నువ్వూ చూడు.’

‘నేను సూస్తే ఏం తెలుస్తది?’

‘నీకే తెలుస్తది. నీ చెయ్యి ఇటియ్యి.’

ఆమె ఎల్లమ్మ అరచేతిని తీసుకుని సైదమ్మ కడుపు మీద, కుట్లకు పైగా, మెల్లగా ఆనించింది. మెత్తగా ఉంటే ఎట్లా ఉంటుందో, గట్టిపడితే ఎట్లా తగులుతుందో తన బుగ్గ లోపల గాలి నింపి, తీసి, చూపించింది. నాకు నవ్వు వచ్చింది, ఎల్లమ్మకు రాలేదు. ఆమె పాఠం నేర్చుకునే పిల్లలా చూసింది. చెంబులో నీళ్లు వద్దనుకున్నారు. వాము వేసి కాచిన నీళ్లు అయితే ఎల్లమ్మ ఇంటి పద్ధతికి కూడా అడ్డం రాదు, బాలింతకు వాము పెట్టేదే. మా గది నుంచి వాము నేనే తెచ్చాను. వేడి వేడిగా చెంచాతో పట్టించారు. నాలుగు చెంచాలు, ఎల్లమ్మ చెయ్యి కడుపు మీద. మళ్లీ కొన్ని చెంచాలు, మళ్లీ చెయ్యి. ప్రతిసారీ మరియమ్మ అక్క ‘ఎట్లుంది?’ అని ఎల్లమ్మనే అడిగింది, సైదమ్మను అడగలేదు. ఎల్లమ్మ ప్రతిసారీ ఆలోచించి, ‘మెత్తగనే ఉన్నది’ అన్నది. ఎప్పుడన్నా గట్టిపడితే డాక్టరమ్మను నిద్రలేపైనా తీసుకొస్తానని మరియమ్మ అక్క మాట ఇచ్చింది. ‘లేపుతవా, లేపనంటవా?’ అని ఎల్లమ్మ రెండోసారి అడిగింది. ‘లేపుతా’ అని మరియమ్మ అక్క రెండోసారీ చెప్పింది.

డాక్టరమ్మకు ఏం చెప్పాలన్నది ఇంకో చిక్కు. ఉన్నది ఉన్నట్టు చెప్తే ఎల్లమ్మను వార్డు నుంచి పంపేస్తుంది, ఆమె కోపం మాకు తెలుసు. చెప్పకపోతే ఆ బలమైన మందు అనవసరంగా ఎక్కుతుంది, పట్నం పంపడమూ తప్పదు. సాయంత్రం డాక్టరమ్మ రాగానే మరియమ్మ అక్క ముందుకు పోయి, ‘సెలైన్ తీసినప్పటి నుంచి పిల్ల నీళ్లు తాగలేదు మేడం. చెంబు చూసి తాగిందనుకున్నాం, మేం సరిగా చూడలేదు. ఇప్పుడు తాగుతున్నది’ అని చెప్పింది. రోగికి సంబంధించింది ఒక్కటీ దాచలేదు, ఎల్లమ్మ పేరు ఒక్కటే పక్కన పెట్టింది. చీవాట్లు మా ఇద్దరికీ పడ్డాయి. అది నాకు అప్పుడు అన్యాయంగా తోచింది. డాక్టరమ్మ నాలుక చూసి, నాడి చూసి, సెలైన్ ఒక్కటి పెట్టమని, పట్నం సంగతి పొద్దున చూద్దామని వెళ్లిపోయింది. సెలైన్ ఎక్కుతున్నంతసేపూ ఎల్లమ్మ చెయ్యి బిడ్డ కడుపు మీదనే ఉంది.

మర్నాడు పొద్దునకు జ్వరం దిగింది. నేను బల్ల సర్దుతుంటే గోడ పట్టుకుని సైదమ్మ నడిచి వచ్చింది. వెనక ఎల్లమ్మ, చంటిదాన్ని భుజాన వేసుకుని. సైదమ్మ సిగ్గుపడుతూ తాళంచెవి కోసం చెయ్యి చాచింది. నేను ఇచ్చాను. ఎల్లమ్మ నా వంక చూసి, ‘నాది ఇగ అయిపాయె బిడ్డా, దాని వంతు’ అన్నది. ఆ మనిషి నవ్వగా చూడడం నాకు అదే మొదలు.

ఈ మధ్య కోదాడ పోయి మరియమ్మ అక్కను కలిశాను. కొడుకు ఇంట్లో, వరండాలో కుర్చీ వేసుకుని ఉంది. చూపు తగ్గింది, అనుమానం తగ్గలేదు. ఇది రాస్తున్నానంటే, ‘ఎందుకు? ఎవరడిగారు?’ అన్నది. టీ తాగాక, వేరే మాట మధ్యలో, ‘నిజంగా ఎందుకు రాస్తున్నావు?’ అని మళ్లీ అడిగింది. ఆ నర్సమ్మాయి, ట్యాబ్, గుర్తు, నా అబద్ధం, అంతా చెప్పాను. ‘ఆ పిల్ల అడిగింది కదా, అది మంచిదే. అడిగాక అక్కడ ఆగాలి, అంతే’ అన్నది. నేను ఆలోచిస్తూ వచ్చాను. అప్పుడు మా దగ్గర యంత్రాలు లేవు, మందులు తక్కువ, ఒక్కోసారి కరెంటు కూడా లేదు. దక్కవలసిన మనుషులు దక్కకుండా పోయిన రోజులు నాకు తెలుసు, ఆ కాలమే మంచిదని నేను అనను. నాకు ఇప్పుడు జరిగిన ఆపరేషన్ అప్పుడైతే మిర్యాలగూడలో జరిగేదే కాదు. కాని ఇప్పుడు నన్ను అడిగేవాళ్లు ఎక్కువ, నా జవాబును అనుమానించేవాళ్లు తక్కువ. అనుమానించాలంటే ఎదుటి మనిషి కోసం కాసేపు ఆగాలి. ఆగడానికి ఆ అమ్మాయికి ఎవరూ వీలు ఇవ్వడం లేదేమో. ఈ విషయంలో నా అనుమానం ఆ అమ్మాయి మీద కాదు, ఆమెకు అన్ని మంచాలు అప్పగించినవాళ్ల మీద.

త్రిపురారం కూడా పోయి సైదమ్మను కలిశాను. ఇది రాయడానికి ఆమె ఒప్పుకున్నది, పేరు మార్చొద్దని తానే అన్నది. ఎల్లమ్మ పోయి చాలా కాలమైంది. అండాలుకు ఏమై ఉంటుందో నా దగ్గర ఒక ఊహ ఉంది, పుస్తకాలు చదివినకొద్దీ అది గట్టిపడింది. సైదమ్మ అడగలేదు. నేను చెప్పలేదు.

నాకు కుర్చీ వేసిన సత్తయ్య సారుకు, చీవాట్లు పంచుకున్న మరియమ్మ అక్కకు, తన కథను నాకు అప్పగించిన సైదమ్మకు నా దండాలు. మమ్మల్ని నమ్మని ఎల్లమ్మకు ఇంకో దండం. ఆమె నమ్మి ఊరుకుని ఉంటే మేం అడిగేవాళ్లమే కాదు. చివరగా, నేను ఎన్నడూ చూడని అండాలుకు. ‘అమ్మా ఉబ్బుతున్నదే’ అని నువ్వు చెప్పావు తల్లీ. ఆ రోజు ఎవరూ లేచి రాలేదు. ఆ తర్వాత నా ఉద్యోగమంతా, ఏ బాలింత ఆ మాట అన్నా, నేను ముందు చెయ్యి వేసి చూశాను.